కంపెనీ కొనుగోలు ప్రకటన చదవడం – 4వ పాఠం: డబ్బుకు బదులు షేర్లు ఇస్తే

ముందు కిందటి పాఠం లెక్క సరిచూసుకుందాం. 2015 జూన్ 1న చిప్‌ల కంపెనీ ఇంటెల్, ఇంకో చిప్‌ల కంపెనీ ఆల్టెరాను షేరుకు 54 డాలర్ల నగదు ఇచ్చి కొంటానని ప్రకటించింది. మొత్తం సుమారు 1,670 కోట్ల డాలర్లు. షేర్లు ఎన్నో తేల్చమన్నాను. 1,670ని 54తో భాగిస్తే 30.9 కోట్లు. ఇందులో మెలికేమీ లేదు. డిసెంబర్ 28న కొనుగోలు పూర్తయ్యే నాటికి ఇంటెల్ షేరు ఎంతున్నా, ఆల్టెరా వాటాదారు చేతికి వచ్చేది ఆ 54 డాలర్లే.

ఈసారి మెలిక ఉన్న లెక్క. ఎఫ్‌పీజీఏల రంగంలో ఆల్టెరాకు చిరకాల పోటీదారు జైలింక్స్. ఎఫ్‌పీజీఏ అంటే మొదటి పాఠంలో చెప్పుకున్నదే: ఫ్యాక్టరీ నుంచి బయటికొచ్చాక కూడా లోపలి లాజిక్‌ని మనకు కావలసినట్టు మళ్లీ అమర్చుకోగల చిప్. 1985లో అలాంటి చిప్‌ని మొదట మార్కెట్లోకి తెచ్చింది జైలింక్సే. ఆ కంపెనీని కొంటున్నట్టు 2020 అక్టోబర్ 27న మరో చిప్‌ల కంపెనీ ఏఎండీ ప్రకటించింది. వార్తల శీర్షికల నిండా 3,500 కోట్ల డాలర్లే. ఆ అంకెను కాసేపు పక్కన పెట్టండి. ప్రకటనలో వెతకాల్సింది ఇంకొకటి: 1.7234.

ఒక జైలింక్స్ షేరుకు 1.7234 ఏఎండీ షేర్లు ఇస్తారన్న మాట. దీన్నే మార్పిడి నిష్పత్తి అంటారు. నగదు ఒక్క డాలరు కూడా లేదు (షేరు ముక్కల సంగతి చివర్లో చూద్దాం). పొలం బేరం కుదిరినప్పుడు ధరను రూపాయల్లో కాక తులాల బంగారంలో రాసుకున్నారనుకోండి. తులాలు మారవు, రిజిస్ట్రేషన్ నాటికి బంగారం ధర మారుతుంది. ఆ పొలం ఎంతకు పోయిందని ఎవరైనా అడిగితే, ఏ రోజు లెక్కన అని తిరిగి అడగాలి. ఇక్కడా అంతే.

కాగితం, పెన్ను తీసుకోండి. ఆ నిష్పత్తి ప్రకారం జైలింక్స్ షేరుకు సుమారు 143 డాలర్లు వస్తాయని ప్రకటనలోనే రాశారు. 143ని 1.7234తో భాగించండి. దాదాపు 83 వస్తుంది. అంటే ఏఎండీ షేరు 83 డాలర్ల దగ్గర ఉందనుకుని వేసిన లెక్క అది. జైలింక్స్ షేర్లు అప్పట్లో సుమారు 24.5 కోట్లు. దాన్ని 143తో హెచ్చిస్తే శీర్షికలోని 3,500 కోట్లు వచ్చేస్తాయి. ఆ శీర్షిక అంకె ఎలా పుట్టిందో ఇప్పుడు మీకు తెలుసు.

2022 ఫిబ్రవరి 14న కొనుగోలు పూర్తయింది. అంతకు ముందటి ట్రేడింగ్ రోజున ఏఎండీ షేరు 113 డాలర్ల పైచిలుకు. 1.7234తో హెచ్చిస్తే ఒక్కో జైలింక్స్ షేరుకు సుమారు 195 డాలర్లు. ఈసారి వార్తల్లో 4,900 కోట్లని వచ్చింది. ఏఎండీ అదనంగా 1,400 కోట్లు పోసిందని అనుకున్నవాళ్లున్నారు. అదేం లేదు. ఒప్పుకున్న షేర్లే ఇచ్చింది, ఆ షేర్ల ధర పెరిగింది.

మరి ఏఎండీ నిజంగా ఇచ్చిందేమిటి? నా దృష్టిలో ఈ పాఠం మొత్తానికీ ముఖ్యమైన లెక్క ఇదే. 24.5 కోట్లను 1.7234తో హెచ్చిస్తే 42 కోట్ల చిల్లర కొత్త షేర్లు. ఏఎండీకి అప్పటికే ఉన్నవి సుమారు 120 కోట్లు. రెండూ కలిపితే 162 కోట్లు. అందులో 42 కోట్లంటే 26 శాతం. ప్రకటనలోనూ ఏఎండీ వాటాదారులకు 74 శాతం, జైలింక్స్ వాళ్లకు 26 శాతం అనే ఉంటుంది. అంటే జైలింక్స్ కోసం ఏఎండీ పాత వాటాదారులు తమ ఇంట్లో నాలుగో వంతు పైచిలుకు రాసిచ్చారు. డాలర్ల లెక్క రోజుకొకలా మారినా ఈ పాలు మారలేదు. అందుకే షేర్ల బేరం ఏది చూసినా నేను ముందు వెతికేది ఈ శాతాన్నే.

ప్రకటనకూ ముగింపుకూ మధ్య దాదాపు 16 నెలలు పట్టింది. 2021 చివరికే పూర్తవుతుందని మొదట చెప్పారు. చైనా నియంత్రణ సంస్థ షరతులతో అనుమతి ఇచ్చేసరికి 2022 జనవరి చివరి వారం వచ్చింది. ఇలా ఎదురుచూసే కాలంలో అమ్ముడయ్యే కంపెనీ షేరు, నిష్పత్తి ప్రకారం రావాల్సిన ధర కన్నా కాస్త కిందే తిరుగుతుంటుంది. బేరం చెడుతుందేమోనన్న భయం ఎంతో ఆ తేడాని బట్టి అంచనా వేయవచ్చు. తేడా పెరిగితే భయం పెరిగినట్టు, అనుమతులు వచ్చేకొద్దీ అది తరుగుతుంది.

ఇక ఇంటిపని. జైలింక్స్‌కు హైదరాబాద్‌లో పెద్ద డెవలప్‌మెంట్ కేంద్రం ఉండేది. అక్కడి ఉద్యోగి ఒకరి ఖాతాలో 250 జైలింక్స్ షేర్లు ఉన్నాయనుకోండి. ఆమెకు ఎన్ని పూర్తి ఏఎండీ షేర్లు వస్తాయి? మిగిలిన ముక్కకు నగదు ఇస్తారు కాబట్టి, షేరు 113 డాలర్ల లెక్కన అది ఎంత?

రెండోది. 2025 ఏప్రిల్‌లో ఇంటెల్, ఆల్టెరాలో 51 శాతం వాటాను సిల్వర్ లేక్ అనే పెట్టుబడి సంస్థకు అమ్ముతున్నట్టు ప్రకటించింది. అందులో కనిపించే అంకె 875 కోట్ల డాలర్లు. అది 51 శాతానికి ధరా, మొత్తం కంపెనీకి కట్టిన విలువా? మూల ప్రకటనలోని వాక్యం రెండుసార్లు చదివి, ఆ తర్వాతే లెక్క మొదలుపెట్టండి.