పెంపుడు జంతువులతో వచ్చే అతిథులతో హోటల్‌లో ఎలా వ్యవహరించాలి?

అరకులో హోమ్‌స్టే గానీ, పట్నంలో చిన్న లాడ్జి గానీ నడిపేవారికి కుక్కతోనో పిల్లితోనో దిగే అతిథులు తారసపడుతూనే ఉంటారు. వారిలో జాగ్రత్తపరులు ఉన్నట్టే, జంతువును సంచిలో దాచి గదికి చేర్చేవారు, దానిని గదిలో వదిలి ఊరు చూడడానికి వెళ్లేవారు, రాత్రంతా అది మొరిగితే పక్క గదివారినే సర్దుకోమనేవారు కూడా ఉంటారు.

మొదటి పని బుకింగ్ సమయంలోనే జరగాలి. జంతువు వెంట వస్తున్నదా అని అడిగి, ఏ గదులు ఇస్తారో, అదనపు రుసుము, డిపాజిట్ ఎంతో, జంతువును ఒంటరిగా గదిలో వదలకూడదన్న షరతుతో సహా వాట్సాప్‌లో రాసి పంపాలి. రిసెప్షన్ దగ్గర నోటిమాటగా చెప్పిన నిబంధన గొడవ వచ్చినప్పుడు నిలబడదు. కింది అంతస్తులో, తివాచీ లేని టైల్స్ గదులను రెండు మూడింటిని ఇందుకే కేటాయించడం మేలు. వంటగదిలోకి, భోజనశాలలోకి మాత్రం ఎవరు బతిమాలినా రానివ్వకూడదు.

చెక్-ఇన్ చేసేటప్పుడు టీకా పుస్తకం చూడాలి. కుక్కపిల్లకు రేబిస్ టీకా సాధారణంగా మూడు నెలల వయసులో మొదలై, ఆ తరువాత పశువైద్యుడు చెప్పిన గడువులో మళ్లీ పడాలి. నిన్ననే తొలిసారి వేయించారంటే రక్షణ ఇంకా ఏర్పడలేదనే లెక్క, ఎందుకంటే అందుకు మూడు నాలుగు వారాలు పడుతుంది. చెవుల్లో, వేళ్ల సందుల్లో పిడుదులు ఉన్నాయేమో చూపించమని మర్యాదగానే అడగవచ్చు. కుక్కల పిడుదులు గోడ పగుళ్లలో గుడ్లు పెట్టి నెలల తరబడి గదిని వదలవు.

చెప్పకుండా తెచ్చిన జంతువు బయటపడితే వరండాలో నలుగురి ముందు వాదించకుండా, మేనేజరు ఒక్కరే వెళ్లి, ముందే పంపిన షరతులను చూపి, కేటాయించిన గదికి మారడమో ఖాళీ చేయడమో ఎంచుకోమనాలి. కుక్క ఒంటరిగా ఉన్న గదిలోకి సిబ్బందిని ఎట్టి పరిస్థితుల్లోనూ పంపకూడదు.

కరిచినా, గీరినా గాయాన్ని ధారగా పారే నీటితో, సబ్బుతో కనీసం 15 నిమిషాలు కడగాలి. పసుపు, కారం, సున్నం పూయకూడదు. అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి. చర్మంలోకి ఇచ్చే టీకా 0, 3, 7, 28 రోజుల్లో పడుతుంది. కరిచిన కుక్కను 10 రోజులు గమనించాలి కానీ, అతిథి మర్నాడే వెళ్లిపోతాడు. అందుకే అతని ఫోన్ నంబరు, చిరునామా రిజిస్టరులో సరిగ్గా ఉండాలి. కుక్క బాగానే ఉందన్న కబురు కోసం ఎదురుచూస్తూ టీకాను ఆలస్యం చేయడం ప్రాణాంతకం.

గది ఖాళీ అయ్యాక చేతి తొడుగులు వేసుకునే శుభ్రం చేయాలి, ఎందుకంటే జబ్బుపడిన కుక్క మూత్రంలోని లెప్టోస్పైరా బాక్టీరియా చిన్న గాయం గుండా కూడా ఒంట్లో ప్రవేశిస్తుంది. మూత్రంపై నేరుగా బ్లీచింగ్ ద్రావణం పోస్తే ఘాటైన విషవాయువు వెలువడుతుంది కాబట్టి, ముందు గుడ్డతో అద్ది, డిటర్జెంటుతో కడిగి, ఆ తరువాతే ద్రావణం వాడాలి. పిల్లి మలం ఉన్న తొట్టిని ఏ రోజుకారోజే ఖాళీ చేయాలి. ఆ పని గర్భిణులకు అప్పగించకూడదు. తామర అంటించే శిలీంధ్రం వెంట్రుకల మీద నెలలపాటు బతుకుతుంది కాబట్టి దుప్పట్లను వేడినీటిలో విడిగా ఉతికించాలి. పిల్లి నుంచి రాలిన చర్మపు పొట్టు కూడా అంత తొందరగా పోదు గనుక, ఉబ్బసం ఉందని చెప్పిన అతిథికి ఆ గదులు ఇవ్వకూడదు.