పాత కంప్యూటర్, యూఎస్‌బీ తంటాలు – 3వ పాఠం: పసుపు గుర్తు వెనక నంబరు

పోయిన పాఠంలో డివైస్ మేనేజర్ (కంప్యూటర్‌కి కలిపిన పరికరాల జాబితా చూపించే విండో) తెరిచి, పసుపు ఆశ్చర్యార్థకం పడిన, అంటే సరిగ్గా పనిచేయని పరికరాన్ని గుర్తుపట్టడం దాకా వచ్చాం. మీ విండోస్ 32 బిట్టా, 64 బిట్టా చూసి రాసుకోమని కూడా చెప్పాను. ఆ కాగితం పక్కన పెట్టుకోండి, కాసేపట్లో కావాలి.

ఈసారి ఉదాహరణ మా మేనమామ కిరాణా కొట్టులోది. విండోస్ 7 ఉన్న పాత కంప్యూటర్. దానికి ఎలక్ట్రానిక్ కాటా కలపడానికి ఆయన ఓ యూఎస్‌బీ–సీరియల్ కేబుల్ (పాత రకం సీరియల్ పోర్టు పరికరాన్ని యూఎస్‌బీకి కలిపేది) కొన్నాడు. దాంతో పాటు సీడీ ఇచ్చారు కానీ, కంప్యూటర్‌లో సీడీ డ్రైవ్ ఎప్పుడో పాడైంది. నేను కేబుల్ డబ్బా మీద ఉన్న పేరు పట్టుకుని డ్రైవర్ (పరికరంతో విండోస్ మాట్లాడటానికి కావలసిన సాఫ్ట్‌వేర్) కోసం రెండు గంటలు వెతికాను. శుద్ధ దండగ. ఆ పేరు అమ్మినవాళ్లది. డ్రైవర్ కావలసింది లోపలున్న చిప్‌కి.

ఆ చిప్ ఏదో కంప్యూటర్‌కి అప్పటికే తెలుసు. కేబుల్ గుచ్చగానే పరికరం తన గురించి రెండు నంబర్లు చెబుతుంది. మొదటిది వీఐడీ, తయారీ సంస్థ నంబరు. రెండోది పీఐడీ, ఆ సంస్థ తన సరుకుకి తానే పెట్టుకునే నంబరు. ఇంటిపేరు, సొంత పేరు అనుకోండి. మనలాగే ఇక్కడా ఇంటిపేరే ముందు. ఒక్కోటి నాలుగు స్థానాలు ఉంటుంది, అంకెలతో పాటు ఏ నుంచి ఎఫ్ దాకా అక్షరాలూ వస్తాయి.

చూడటం తేలికే. పసుపు గుర్తు ఉన్న పేరు మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్, అందులో డీటెయిల్స్ ట్యాబ్, పైన లిస్టులో హార్డ్‌వేర్ ఐడీస్. మామయ్య కేబుల్‌కి వీఐడీ 1ఏ86, పీఐడీ 7523 అని వచ్చింది. అంటే చైనా కంపెనీ డబ్ల్యూసీహెచ్ వాళ్ల సీహెచ్340 చిప్. చవక కేబుళ్లలో ఎక్కువగా కనిపించేది ఇదే. 067బీ, 2303 వస్తే ప్రొలిఫిక్ వాళ్లది. 0403, 6001 అయితే ఎఫ్‌టీడీఐ. ఇక వెతికేటప్పుడు ఈ రెండు నంబర్లే టైప్ చేయండి, దొరికిన చిప్ కంపెనీ సైటు నుంచే డ్రైవర్ దించుకోండి. "ఒక్క క్లిక్‌తో అన్ని డ్రైవర్లు" అనే ప్రోగ్రాముల జోలికి మాత్రం వెళ్లొద్దు. అవి ఒక డ్రైవర్ వేసి నాలుగు అక్కర్లేనివి అంటగడతాయి.

వీఐడీ, పీఐడీ రెండూ 0000 అని చూపిస్తే మాత్రం డ్రైవర్ వెతకడం ఆపేయండి. పరికరం తన పేరు కూడా చెప్పలేకపోయిందని అర్థం. ఏ డ్రైవర్ వేసినా లాభం లేదు. కేబుల్ మార్చండి, ముందువైపు పోర్టు వదిలి వెనకవైపు మదర్‌బోర్డు పోర్టులో పెట్టండి, మధ్యలో హబ్ (ఒక పోర్టును నాలుగైదు చేసే డబ్బా) ఉంటే తీసేయండి. యూఎస్‌బీ 2.0 పోర్టు ఇచ్చేది 500 మిల్లీ ఆంపియర్లు. కరెంటు అడాప్టర్ లేని హబ్ దాన్నే అందరికీ పంచాలి.

డ్రైవర్ దించాక వెంటనే ఇన్‌స్టాల్ నొక్కకండి. జిప్ విప్పి, అందులోని ఐఎన్ఎఫ్ ఫైలును (ఆ డ్రైవర్ ఏ పరికరాలకు పనికొస్తుందో రాసి ఉండేది) నోట్‌ప్యాడ్‌లో తెరిచి మీ పీఐడీ వెతకండి. కనిపించకపోతే ఆ డ్రైవర్ మీది కాదు. 64 బిట్ వాళ్లు 'ఎన్‌టీఏఎండీ64' (NTamd64) అనే మాట కూడా ఉందో లేదో చూడాలి. ఈ చిన్న పని చాలా టెన్షన్ తప్పిస్తుంది. రెండూ ఉంటే అప్‌డేట్ డ్రైవర్, ఆ తర్వాత బ్రౌజ్ మై కంప్యూటర్ నొక్కి ఆ ఫోల్డర్ చూపించండి.

విండోస్ 7లో ఇక్కడ కోడ్ 52 రావచ్చు, అంటే డ్రైవర్ మీద సంతకాన్ని విండోస్ ఒప్పుకోలేదని. కొత్త డ్రైవర్ల మీద ఉండే డిజిటల్ సంతకం ఎస్‌హెచ్‌ఏ–2 రకానిది. 2015లో వచ్చిన కేబీ 3033929 అప్‌డేట్ లేని కంప్యూటర్ దాన్ని నమ్మదు. ఆ అప్‌డేట్ వేసి రీస్టార్ట్ చేయండి. ఎఫ్8 నొక్కి సంతకం తనిఖీ ఆపే దారి ఒకటుంది కానీ, మళ్లీ ఆన్ చేస్తే కథ మొదటికొస్తుంది.

మామయ్య కంప్యూటర్‌లో చివరికి 'పోర్ట్స్' కింద సీహెచ్340, కామ్3 (విండోస్ ఆ కేబుల్‌కి ఇచ్చిన పోర్టు నంబరు) అని కనబడింది. కాటా మీద బస్తా పెట్టగానే బిల్లులో బరువు పడింది. రెండు రోజుల తర్వాత మళ్లీ ఫోన్. ఊడ్చేటప్పుడు కేబుల్ ఊడితే కుర్రాడు పక్క పోర్టులో పెట్టాడట, బరువు రావడం లేదు. ఈ చిప్‌కి సొంత సీరియల్ నంబరు లేదు కాబట్టి, పోర్టు మారితే విండోస్ దాన్ని ఇంకో కొత్త కేబుల్ అనుకుని కామ్4 ఇచ్చింది. బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ మాత్రం కామ్3 దగ్గరే ఎదురుచూస్తోంది. పాత పోర్టులో పెట్టించాను, ఆ పూటకి గడిచింది.

ఇలా వెనక మిగిలిపోయే పాత ఎంట్రీలను కనిపెట్టి తీసేయడం 4వ పాఠంలో. ఈలోగా మీ ఇంట్లో ఉన్న మూడు యూఎస్‌బీ పరికరాలకు వీఐడీ, పీఐడీ రాసి ఉంచండి. మౌస్ కూడా లెక్కే.