విండోస్ 11కి వెళ్లే ముందు ఇవి చూస్కోండి

విండోస్ 10కి ఫ్రీ సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో అయిపోయింది కదా అని వెంటనే అప్‌గ్రేడ్ నొక్కేయకండి.

- ప్రాసెసర్: ఇంటెల్ అయితే 8వ జనరేషన్ నుంచి. 7వ జనరేషన్ ఐ7 అయినా ఏవో కొన్ని మోడల్స్ తప్ప ఒప్పుకోదు.

- టీపీఎం 2.0 (విండోస్ 11 అడిగే సెక్యూరిటీ చిప్) లేదని చూపిస్తే కంగారుపడి కొత్త మదర్‌బోర్డ్ కొనేయొద్దు బాబూ, చాలావాటిలో ఉంటుంది కానీ బయోస్‌లో (కంప్యూటర్ ఆన్ అయ్యేటప్పుడు తెరిచే సెట్టింగ్స్‌లో) ఆఫ్ చేసి ఉంటుంది, ఇంటెల్‌లో పీటీటీ అని, ఏఎండీలో ఎఫ్‌టీపీఎం అని కనిపిస్తుంది, ఆన్ చేస్తే సరి.

- బయోస్ ముట్టుకునే ముందే బిట్‌లాకర్ (డిస్క్‌కి విండోస్ వేసే తాళం) రికవరీ కీ 48 అంకెలూ పేపర్ మీద రాసుకోండి, అదే కంప్యూటర్‌లో సేవ్ చేస్తే తాళంచెవి లోపల పెట్టి తలుపేసినట్టే.

- పాత ప్రింటర్, స్కానర్‌లకి విండోస్ 11 డ్రైవర్ (వాటిని నడిపే సాఫ్ట్‌వేర్) ఉందో లేదో చూడండి. మా ఇంట్లో ప్రింటర్ అప్‌గ్రేడ్ చేసిన రోజు నుంచి పూలకుండీ స్టాండే.

- నచ్చకపోతే వెనక్కి రావడానికి మామూలుగా 10 రోజులే టైమ్, అయినా బ్యాకప్ తీయండి.