కాలు ఉన్నట్టుండి పడిపోతే షుగరే అనుకుని కూర్చోకండి: వాస్క్యులైటిస్ విషయంలో ఏం చేయాలంటే

మన గుంటూరు, బెజవాడ వైపు కాళ్ళు తిమ్మిర్లంటే చాలు నరాల బలహీనత అని బీ కాంప్లెక్స్ సూది వేయించుకుని ఇంటికొచ్చేస్తాం, షుగర్ కూడా ఉంటే ఇక ఎవరికీ డౌటే రాదు. చాలాసార్లు అది కరెక్టే. కానీ వాస్క్యులైటిస్ అని ఒకటుంది, దాన్ని కూడా ఇలాగే నాన్చితే వారాల్లోనే కాలో చెయ్యో పనిచేయకుండా పోతుంది. మా బాబాయికి వచ్చాక తెలుసుకున్నవి రాస్తున్నా, చదివి సొంతంగా మందులు వాడేయమని కాదు, ఎప్పుడు పరిగెత్తాలో, ఏం పట్టుకెళ్ళాలో తెలియాలని.

జరిగేదేంటంటే, జబ్బుల మీద పోరాడాల్సిన మన ఇమ్యూనిటీ మన రక్తనాళాల గోడల మీదే పడుతుంది, గోడ వాచి లోపల దారి ఇరుకైపోతుంది. నరానికీ రక్తం కావాలి, అది అందేది చాలా సన్నటి నాళాల్లోంచి. కాలవలో నీళ్ళు తగ్గితే ముందు ఎండేది శివారు పొలమే కదా, ఇదీ అంతే, పొడవాటి నరాలున్న పాదాలు, చేతులే ముందు దెబ్బతింటాయి.

షుగర్ తిమ్మిరి మామూలుగా రెండు పాదాల్లో ఒకేలా మొదలై ఏళ్ళ తరబడి మెల్లగా పైకి పాకుతుంది. ఇది అలా కాదు, ఒక కాలు ముందు, కొన్ని రోజులకో వారాలకో ఇంకో వైపు చెయ్యి, మధ్యలో విపరీతమైన మంట నొప్పి, ఒకరోజు పొద్దున లేచేసరికి పాదం పైకి లేవదు, నడుస్తుంటే చెప్పు ముందుభాగం నేలకి కొట్టుకుంటుంది. దానితో పాటు జ్వరం, బరువు తగ్గడం, కాళ్ళ మీద ఎర్రటి ఊదా మచ్చలు, ముక్కులోంచి రక్తం, పెద్దవయసులో కొత్తగా వచ్చిన ఆయాసం, వీటిలో ఏదున్నా అసలు ఆలస్యం చేయొద్దు. ఆర్‌ఎంపీ ఇచ్చే స్టెరాయిడ్ సూదికి నాలుగు రోజులు హాయిగా ఉంటుంది, అదే ప్రమాదం, జబ్బు దాక్కుంటుంది, పరీక్షల్లో దొరక్కపోవచ్చు.

డాక్టర్ దగ్గరికెళ్ళే ముందు ఒక కాగితం తీసి తేదీలతో రాయండి. "మార్చి 3, కుడికాలి బొటనవేలు మొద్దు. 9 రాత్రి, పిక్కలో మంట, నిద్ర లేదు. 10 పొద్దున, కుడి పాదం లేవట్లేదు. 25, ఎడమచేతి చిటికెనవేలు." ఇంతే, కథ వద్దు. బెజవాడ సూర్యారావుపేటలో అయినా గుంటూరు కొత్తపేటలో అయినా ఓపీలో మనకి దొరికేది ఐదు నిమిషాలు, ఆ కాగితం చూడగానే న్యూరాలజిస్టుకి వరస అర్థమైపోతుంది. మచ్చలుంటే ఫోన్‌లో ఫోటో తీసుకోండి, వెళ్ళే రోజుకి మాయమైపోవచ్చు. ఈ జబ్బుని ఎక్కువగా చూసేది రుమటాలజిస్టు, కీళ్ళనొప్పుల డాక్టర్ కదా మనకెందుకు అనుకోకండి.

పరీక్షల్లో సీబీపీ (రక్తకణాల లెక్క), ఒంట్లో వాపు చూపించే ఈఎస్ఆర్, సీఆర్పీ, కిడ్నీల కోసం క్రియాటినిన్, ఇమ్యూనిటీ మన ఒంటి మీదే పడుతోందా అని చూసే రక్తపరీక్షలు ఆంకా, ఏఎన్ఏ, నరాల్లో కరెంటు ఎలా పారుతుందో చూసే కండక్షన్ టెస్ట్ ఉంటాయి. నా దృష్టిలో జనం తేలిగ్గా తీసుకునేది మూత్రం పరీక్ష, కానీ ఈ జబ్బు కొందరిలో చప్పుడు లేకుండా కిడ్నీలని తినేస్తుంది, ముందు తెలిసేది అందులోనే. ఆంకా నెగటివ్ వచ్చినంత మాత్రాన జబ్బు లేదని కాదు. హెపటైటిస్ బి, సి తప్పకుండా చూస్తారు, ఎందుకంటే కొన్ని రకాలు వాటివల్లే వస్తాయి, అప్పుడు మందులు మారిపోతాయి. కుష్టు కూడా ఇలాగే ఒక్కో నరాన్నే పట్టుకుంటుంది కాబట్టి ఆ పరీక్ష అంటే చిన్నతనం అనుకోకండి. ఇక నరం బయాప్సీ అనగానే కాలు పోతుందని ఏడ్చేస్తారు ఇంట్లో, మామూలుగా మడమ దగ్గర స్పర్శ తెలిపే నరంలోంచి చిన్న ముక్క తీస్తారు, పాదం బయటి అంచున కాస్త మొద్దు మిగులుతుంది, నడకకేం కాదు.

మెదడు రక్తనాళాలకి వస్తే సంగతి వేరు. తగ్గని కొత్త తలనొప్పి, తికమక, మూతి వంకర, చిన్న వయసులో పక్షవాతం. ఆడపిల్లల్లో పెద్ద రక్తనాళాలకి వచ్చే తకయాసు అని ఒక రకం, ఒక చేతికి నాడి సరిగా దొరకదు, రెండు చేతుల్లో బీపీ వేరువేరుగా ఉంటుంది, అందుకే రెండు చేతులకీ చూడమని అడగండి. 50 దాటినవాళ్ళకి తల దువ్వుతుంటే నొప్పి, నములుతుంటే దవడ నొప్పి, చూపు ఒక్క క్షణం మసకైతే అదే రోజు హాస్పిటల్, రేపటిదాకా ఆగితే చూపు తిరిగి రాకపోవచ్చు.

మందుల దగ్గర నేను గట్టిగా చెప్పేది ఒకటే, జబ్బు తేలాక డాక్టర్ రాసిన స్టెరాయిడ్ సొంతంగా ఆపొద్దు. మొహం ఉబ్బిందని, పక్కింటి పిన్నిగారు భయపెట్టారని ఆపేస్తారు, వారాల తరబడి వాడాక ఒక్కసారిగా ఆపితే బీపీ పడిపోయి ప్రాణం మీదకొస్తుంది. పొద్దున టిఫిన్ తిన్నాకే వేసుకోండి. ప్రెడ్నిసోలోన్ అనే స్టెరాయిడ్ మాత్ర 5, 10, 20, 40 ఎంజీల్లో దొరుకుతుంది, డోసు తగ్గించేటప్పుడు షాపువాడు వేరే ఎంజీ ఇచ్చాడేమో స్ట్రిప్ మీద చూసుకోండి. షుగర్, బీపీ పెరుగుతాయి, అంచేత ఆవకాయ, గోంగూర పచ్చడి తగ్గించక తప్పదు, కష్టమే మనకి. ఇమ్యూనిటీని అణిచే మెథోట్రెక్సేట్ రాస్తే అది వారానికి ఒక్కరోజే, రోజూ మింగితే ప్రాణాంతకం, క్యాలెండర్లో ఆ ఒక్కరోజు చుట్టూ గీత గీయండి. అలాంటిదే ఇంకో మందు సైక్లోఫాస్ఫమైడ్ సెలైన్‌లో ఎక్కించిన రోజు నీళ్ళు బాగా తాగాలి, ఎన్ని అనేది వాళ్ళనే అడగండి. పిల్లలు కావాలనుకునేవాళ్ళు ఈ మందులు మొదలుపెట్టకముందే ఆ మాట డాక్టర్‌కి చెప్పాలి. ఖర్చు భయం ఉంటే ఎన్టీఆర్ వైద్యసేవలో ఏం వస్తుందో చేరకముందే హాస్పిటల్లో ఆ పథకం హెల్ప్‌డెస్క్‌లో అడగండి.

నరం తిరిగి పెరిగేది రోజుకి సుమారు 1 మిల్లీమీటరు, మోకాలి నుంచి పాదందాకా అంటే ఏడాది పట్టినా ఆశ్చర్యం లేదు, ఈలోగా పాదం పడిపోకుండా స్ప్లింట్, ఫిజియోథెరపీ మానకూడదు. స్పర్శ లేని కాలితో మే నెల మధ్యాహ్నం ఇంద్రకీలాద్రి మెట్ల మీద చెప్పుల్లేకుండా నడిస్తే బొబ్బలెక్కేదాకా తెలియదు, తెల్లారుజామున దర్శనానికి వెళ్ళండి, రాత్రి పడుకునే ముందు అరికాలు అద్దంలో చూసుకోండి. జ్వరం 100.4 దాటితే పారాసిటమాల్‌తో సరిపెట్టొద్దు, ఈ మందుల మీద ఇన్ఫెక్షన్ ముదరడానికి ఎంతోసేపు పట్టదు. డోసు తగ్గిస్తుండగా కొత్తచోట మొద్దో మంటో వస్తే మీరే పాత డోసుకి వెళ్ళకుండా ఆ రోజే ఫోన్ చేసి కాగితంలో కొత్త తేదీ రాయండి.