తెల్లబట్టకు ట్యూబు అడిగే ముందు ఈ మూడూ చూసుకోండి

దిల్‌సుఖ్‌నగర్‌లో మా మెడికల్ షాపు కౌంటర్ దగ్గర పన్నెండేళ్లుగా కూర్చుంటున్నాను. షాపులో కుర్రాడు ఉంటే ఆడవాళ్లు ఏ దగ్గు మందో కొని, ఇంకా నిలబడే ఉంటారు. వాడు లోపలికి వెళ్లగానే "అక్కా, కింద రాసుకోడానికి ఏమన్నా ఇవ్వవా" అని మెల్లగా అడుగుతారు. మొన్న ఒకామె నోటితో చెప్పలేక, ఫోన్‌లో 'తెల్లబట్ట' అని టైప్ చేసి చూపించింది.

ట్యూబు తీసే ముందు నేను మూడే అడుగుతాను. రంగేంటి? వాసనుందా? దురదుందా?

పల్చని గంజిలా తెల్లగా ఉండి, దుర్వాసన, దురద, మంట లేకపోతే అది జబ్బు కాదు. అండం విడుదలయ్యే రోజుల్లో గుడ్డు తెల్లసొనలా సాగుతుంది. గర్భంతో ఉన్నప్పుడు ఎక్కువవుతుంది. ఆరాక బట్ట మీద లేత పసుపు మరక పడుతుంది, దానికీ భయపడక్కర్లేదు. ఎముకలు కరిగి ఇలా పోతున్నాయని ఇప్పటికీ నమ్ముతున్నారు. ఎముకలకూ దీనికీ ఏ సంబంధమూ లేదు. నీరసంగా ఉంటే హిమోగ్లోబిన్ చూపించుకోండి.

విరిగిన పాలలా ముక్కలుగా వచ్చి, దురద ఆగకపోతే ఫంగస్ కావచ్చు. బూడిద రంగులో పల్చగా, చేపల వాసనతో వస్తే బాక్టీరియా వల్ల కావచ్చు. పసుపు, ఆకుపచ్చ కలిసిన రంగులో నురగలా వస్తే అది కలయిక వల్ల అంటేది కావచ్చు, అప్పుడు భర్తా మందు వాడాలి. ఒక్కోదానికి ఒక్కో మందు. ఫంగస్ ట్యూబు ఎన్నిసార్లు రాసినా బాక్టీరియా పోదు.

ఫంగస్‌కైనా ట్యూబు ఒక్కటే చాలదని నాకు ఒక టీచరమ్మ వల్ల బాగా తెలిసింది. మూడు నెలలు వరుసగా అదే ట్యూబు తీసుకెళ్లింది, నేనూ ఇచ్చాను. తగ్గినట్టే తగ్గి మళ్లీ వచ్చేది. నాలుగోసారి రాగానే షుగర్ టెస్ట్ చేయించుకోమన్నాను. తిన్నాక 280 ఉంది. ఫంగస్ మాటిమాటికీ వస్తుంటే షుగర్ చూపించుకోవాల్సిందే. యాంటీబయాటిక్ కోర్సు వాడాక కూడా ఇది వస్తుంటుంది.

కడుక్కోవడం గురించి గట్టిగా చెబుతాను. యోని లోపల మేలు చేసే బాక్టీరియా ఉంటుంది. అది ల్యాక్టిక్ ఆమ్లం తయారుచేసి, పీహెచ్‌ను, అంటే ఆమ్లం ఎంతుందో చెప్పే అంకెను, మామూలుగా 3.8 నుంచి 4.5 మధ్య ఉంచుతుంది. చెడు క్రిములు పెరగకుండా ఆపేది అదే. సబ్బు, డెట్టాల్, సువాసన వాష్‌లు లోపలికి పోతే ఆ కాపలా పోతుంది. వాసన వస్తోందని ఇంకా కడిగితే వాసన ఇంకా పెరుగుతుంది. బయట మాత్రం మామూలు నీళ్లతో, ముందు నుంచి వెనక్కి కడుక్కోండి, తడి ఆరనివ్వండి. మే నెల ఎండలో బిగుతు లెగ్గింగులు రోజంతా వేసుకోకుండా కాటన్ వేసుకోండి. వేడి చేసిందని కొబ్బరినీళ్లు తాగడం మంచిదే, దాంతో ఇన్ఫెక్షన్ మాత్రం పోదు.

పొత్తికడుపు నొప్పి, జ్వరం, కలయిక తర్వాత రక్తం, ముట్లుడిగాక రక్తం కనిపిస్తే ఆగొద్దు. గర్భిణులు సొంతంగా ఏమీ వాడొద్దు. డబ్బుల టెన్షన్ ఉంటే దగ్గర్లోని బస్తీ దవాఖానాకో, కోఠి, పేట్లబురుజు ప్రసూతి ఆసుపత్రులకో వెళ్లండి. వెళ్లే ముందు రోజు లోపల క్రీము రాయొద్దు, పరీక్షలో తేలదు.

ఫోన్ చూపించినామెకు దురద, చేపల వాసన రెండూ ఉన్నాయి. రంగు, వాసన, ఎన్ని రోజుల నుంచో బిల్లు వెనక రాసిచ్చాను. డాక్టరమ్మ ముందు నోరు రాకపోతే ఆ కాగితం ఇవ్వమన్నాను.