మీరు చదువుతున్న పుస్తకాన్ని తోటి విశ్వాసులతో ఎలా పంచుకోవాలి?

పౌలు కొలొస్సయి సంఘానికి ఉత్తరం రాసి చివర్లో ఒక పని పురమాయించాడు. ఈ పత్రిక మీరు చదివాక లవొదికయ సంఘంలోనూ చదివించండి, అక్కడికి పంపినదాన్ని తెప్పించుకుని మీరూ చదవండి అన్నాడు (కొలొస్స 4:16). చదివింది పక్కవాళ్లకు అందించడం, వాళ్లు చదివింది అడిగి తీసుకోవడం సంఘానికి మొదటి నుంచీ ఉన్న అలవాటే. ఇప్పుడు మనలో చాలామంది చేసేది వేరు. గ్రూపులో అట్ట ఫొటో పెట్టి "ఎంతో ఆశీర్వాదకరమైన పుస్తకం, తప్పక చదవండి" అని రాసి ఊరుకుంటాం. కింద నాలుగు "ఆమెన్"లు పడతాయి కానీ పుస్తకం తెరిచేవాళ్లు అరుదు. అది ఎవరికి పనికొస్తుందో, ఎందుకు పనికొస్తుందో ఆ మెసేజ్‌లో ఉండదు కాబట్టి. పుస్తకాన్ని ఒక మనిషిని చూసి, ఆ మనిషి ఇప్పుడున్న పరిస్థితిని చూసి చెప్పాలి. ఈ వ్యాసంలోని పద్ధతులన్నీ దానికోసమే.

1. ముందు మీరు చదివినవి రాసి పెట్టుకోండి

ఒక నోట్‌బుక్కైనా, ఫోన్‌లో ఒక పేజీ అయినా చాలు. పుస్తకం పేరు, రచయిత, అనువాదమైతే అనువాదకుల పేరు, మొదట ఏ సంవత్సరంలో వచ్చింది, మీరు ఎక్కడిదాకా చదివారు, ఇంతే. దాంతోపాటు రెండు విషయాలు తప్పకుండా రాయండి. ఒకటి, ఆగి మళ్లీ వెనక్కి వెళ్లి చదివిన చోటు, పేజీ నంబరుతో సహా. రెండోది, ఒప్పుకోలేకపోయిన చోటు. "బాగుంది" అని రాసుకుంటే ఆరు నెలల తర్వాత మీకే ఏమీ గుర్తు రాదు. "ఇది చదివాక ప్రార్థనలో అడగడం కంటే ముందు కృతజ్ఞతలు చెప్పడం మొదలుపెట్టాను" అని రాసుకుంటే, ఎవరైనా "ప్రార్థన మీద మంచి పుస్తకం ఏదైనా ఉందా బ్రదర్?" అని అడిగిన రోజు మీ దగ్గర చెప్పడానికి ఒక సాక్ష్యం ఉంటుంది.

సంవత్సరం ఎందుకంటే, మనం చెప్పేవన్నీ ఈ మధ్య వచ్చినవే అయిపోతున్నాయా అని చూసుకోవడానికి. అలెగ్జాండ్రియా బిషప్ అతనాసియస్ నాలుగో శతాబ్దంలో రాసిన ఒక గ్రంథానికి 1944లో వచ్చిన అనువాదానికి ఇంగ్లీషు క్రైస్తవ రచయిత సి.ఎస్. లూయిస్ ముందుమాట రాశాడు. ఒక కొత్త పుస్తకం చదివాక ఒక పాతది చదవనిదే ఇంకో కొత్తది పట్టుకోవద్దని, అంత కుదరకపోతే మూడు కొత్తవాటికి ఒక పాతదైనా చదవమని అందులో సలహా ఇచ్చాడు. ప్రతి కాలానికీ దానికి కనబడని తప్పులు కొన్ని ఉంటాయని, వేరే కాలంవాళ్లు రాసింది చదివితేనే అవి బయటపడతాయని ఆయన వాదన. మీ పట్టికలో సంవత్సరాల వరుస చూస్తే మీరెక్కడున్నారో వెంటనే తెలిసిపోతుంది.

2. పుస్తకం పేరు చెప్పేముందు మనిషిని అడగండి

అన్నిటికంటే ముఖ్యమైన మెట్టు ఇదే, ఎక్కువమంది దాటేసేదీ ఇదే. "ఈమధ్య ఏం చదువుతున్నారు?", "రోజుకి ఎంతసేపు కుదురుతుంది?", "తెలుగులో అయితే బాగుంటుందా, ఇంగ్లీషైనా ఫర్వాలేదా?" అని అడగండి. ఆ తర్వాత మనసులో ఏం నడుస్తోందో వినండి.

ఇది ఎంత అవసరమో చెప్పడానికి లూయిస్ పుస్తకాలే మంచి ఉదాహరణ. బాధ గురించి ఆయన రెండు పుస్తకాలు రాశాడు. 1940లో వచ్చిన "ద ప్రాబ్లమ్ ఆఫ్ పెయిన్" తర్కంతో సాగుతుంది. దేవుడు మంచివాడు, సర్వశక్తిమంతుడు అయితే లోకంలో ఇంత బాధ ఎందుకు అన్న ప్రశ్నను ఒక్కో మెట్టూ పరిశీలిస్తుంది. 1960లో ఆయన భార్య జాయ్ క్యాన్సర్‌తో చనిపోయింది. ఆ దుఃఖంలో నోట్‌బుక్కుల్లో రాసుకున్న మాటలు 1961లో "ఎ గ్రీఫ్ అబ్జర్వ్‌డ్" అన్న పేరుతో వచ్చాయి. అప్పుడు సొంత పేరు కూడా పెట్టుకోలేదు, ఎన్.డబ్ల్యు. క్లర్క్ అన్న మారుపేరుతో వేశాడు. అందులో తర్కం నిలబడదు. ఏడుపు ఉంటుంది, దేవుణ్ణి నిలదీయడం ఉంటుంది, మెల్లగా ఊపిరి తీసుకోవడం ఉంటుంది.

కాలేజీలో స్నేహితుల ప్రశ్నలకు జవాబు చెప్పలేక సతమతమవుతున్న కుర్రాడికి మొదటిది ఇవ్వండి. భర్తను పోగొట్టుకున్న అక్కకు మొదటిది ఇస్తే గాయం మీద వాదన పెట్టినట్టవుతుంది. రెండోది కూడా వెంటనే ఇవ్వకండి. సమాధి కార్యక్రమం అయిన వారానికే పుస్తకాలతో వచ్చేవాళ్లను చూస్తే నాకు బాధగా ఉంటుంది. ఆ రోజుల్లో పక్కన కూర్చునే మనిషి కావాలి. ఆమె తనంతట తాను "ఇలా ఎవరైనా రాశారా?" అని అడిగినప్పుడు చెప్పండి.

3. నాలుగైదు వాక్యాల్లో ఏం చెప్పాలి

ఒక నమూనా మెసేజ్ చూడండి.

"అక్కా, పనుల్లో పడి ప్రార్థనకు కూర్చోలేకపోతున్నానని మొన్న అన్నారు కదా, అప్పటినుంచి ఒక పుస్తకం గుర్తొస్తోంది. 'ద ప్రాక్టీస్ ఆఫ్ ద ప్రెజెన్స్ ఆఫ్ గాడ్'. బ్రదర్ లారెన్స్ అని 17వ శతాబ్దంలో పారిస్‌లోని ఒక మఠంలో ఏళ్ల తరబడి వంటింట్లో పనిచేసిన ఆయన ఉత్తరాలు, సంభాషణలు. 1691లో ఆయన చనిపోయాక వేరేవాళ్లు కూర్చారు. గిన్నెల మధ్య ఉన్నా ప్రార్థనలో ఉన్నా తనకు తేడా లేదంటాడు. చాలా చిన్నది. సంభాషణలు ముందు చదవండి, ఉత్తరాలు తర్వాత చూడొచ్చు. చెప్పిందే మళ్లీ చెబుతున్నట్టు అనిపిస్తుంది, అది ముందే చెప్పేస్తున్నాను. తొందరేం లేదు."

ఇందులో ఏమున్నాయో చూడండి. ఆమె అన్న మాటే మొదట వచ్చింది, కాబట్టి ఇది పదిమందికి పంపిన మెసేజ్ కాదని ఆమెకు తెలుస్తుంది. పుస్తకం ఏమిటో, ఎంతదో, ఎక్కడ మొదలుపెట్టాలో ఉంది. ఇబ్బంది పెట్టే విషయం దాచలేదు. లోపం కూడా చెప్పినవాళ్ల మెప్పును జనం నమ్ముతారు. చివరిమాట ఆమె మీద భారం పడకుండా చూసింది.

ఒక మనిషికి ఒకసారి ఒక్క పుస్తకమే చెప్పండి. పది పేర్ల జాబితా పంపితే మనకు తృప్తిగా ఉంటుంది కానీ చదివేవాళ్లకు ఎక్కడ మొదలుపెట్టాలో తోచదు. తర్వాత "చదివారా?" అని వెంటపడొద్దు. "ఎలా ఉన్నారు?" అని అడగండి, చదివి ఉంటే వాళ్లే చెబుతారు.

4. పుస్తకం పూర్తయ్యేదాకా ఆగకండి

చదువుతూ చదువుతూ పంచుకోవడంలో ఒక ప్రత్యేకమైన మేలుంది. అప్పటికి మనకింకా తీర్పు ఉండదు, ప్రశ్నలే ఉంటాయి. ప్రశ్నలున్నచోట మాట కలపడం ఎదుటివాళ్లకు తేలిక. "మూడో అధ్యాయంలో ఉన్నాను. క్షమించడం అంటే మర్చిపోవడం కాదంటున్నాడు, నాకు సగమే ఒప్పుకోబుద్ధవుతోంది, మీరేమంటారు?" అని అడిగి చూడండి. ఆ పుస్తకం పేరు కూడా విననివాళ్లు మాట్లాడతారు.

ఎవరైనా తాము చదువుతున్నది చెబితే ఫిలిప్పును గుర్తు చేసుకోండి. రథంలో యెషయా గ్రంథం చదువుకుంటున్న ఐతియొపీయుణ్ణి ఆయన అడిగింది "నీవు చదువునది గ్రహించుచున్నావా?" అని (అపొస్తలుల కార్యములు 8:30). రథం ఎక్కి పక్కన కూర్చుని, ఆయన చదువుతున్న లేఖనం దగ్గరే మొదలుపెట్టాడు. మనం మాత్రం ఎవరైనా ఒక పుస్తకం పేరెత్తగానే "దానికంటే ఇది బాగుంటుంది" అని మన పుస్తకం ముందుకు తోస్తాం. ముందు వాళ్ల పుస్తకం గురించి రెండు ప్రశ్నలు అడగండి.

చదువుతున్న పుస్తకాన్ని నలుగురికీ కనబడేలా ఉంచడం కూడా పంచుకోవడమే. 386లో మిలాన్‌లో, తర్వాత సంఘానికి గొప్ప బోధకుడైన అగస్టీన్ ఇంటికి పొంతీషియానస్ అనే పరిచయస్తుడు వచ్చాడు. బల్ల మీద ఒక పుస్తకం కనబడితే తీసి చూశాడు. పౌలు పత్రికలు. ఆ సంతోషంలో మాట పెరిగి, ఎడారిలో బతికిన ఆంథొనీ గురించి, ఆయన జీవితచరిత్ర ఒక చిన్న ఇంట్లో దొరికితే చదివి ఉద్యోగాలు వదిలేసి దేవుని సేవకు వెళ్లిన ఇద్దరు అధికారుల గురించి చెప్పాడు. అగస్టీన్ ఆ రోజే తోటలోకి వెళ్లి అదే పౌలు పత్రికలు తెరిచి చదివాడు, అక్కడే ఆయన క్రీస్తు వైపు తిరిగాడు. ఆయన తన ఆత్మకథ ఎనిమిదో భాగంలో ఇదంతా రాసుకున్నాడు. బల్ల మీద పుస్తకం లేకపోతే ఆ సంభాషణ ఎక్కడ మొదలయ్యేదో!

మధ్యలో ఆపేసిన పుస్తకాల గురించీ చెప్పండి, ఎందుకు ఆపారో కూడా. అందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు.

5. ఒప్పుకోని విషయాలను దాచొద్దు, పుస్తకాన్ని వెలివేయొద్దు

ఒకే గ్రూపులో లూథరన్, బాప్టిస్టు, పెంతెకొస్తు, కతోలిక విశ్వాసులు ఉండొచ్చు. రచయిత ఏ సంప్రదాయంవాడో ఒక ముక్క చెబితే సగం అపార్థాలు తప్పుతాయి. "ఇమిటేషన్ ఆఫ్ క్రైస్ట్" 15వ శతాబ్దపు కతోలిక సన్యాసి థామస్ ఎ కెంపిస్‌దిగా చెప్పే గ్రంథం. ప్రొటెస్టెంట్లు కూడా దాన్ని శతాబ్దాలుగా ఇష్టంగా చదువుతున్నారు. అందులో ప్రభు సంస్కారం మీద ఉన్న నాలుగో భాగాన్ని మాత్రం చాలా ప్రొటెస్టెంట్ ముద్రణలు తీసేశాయి. మీరు చదివినదాంట్లో అది ఉందో లేదో చెప్పండి. కతోలిక స్నేహితుడితో మాట్లాడుతున్నప్పుడు ఈ ఒక్క విషయం తెలియకపోతే ఇద్దరూ వేర్వేరు పుస్తకాల గురించి మాట్లాడుకున్నట్టవుతుంది.

బెరయవాళ్లు పౌలు చెప్పిందాన్నే లేఖనాలతో సరిచూసుకున్నారు (అపొస్తలుల కార్యములు 17:11). వాళ్లు ముందు ఆసక్తితో విన్నారు, తర్వాత పరిశీలించారు. ఆ వరుస ముఖ్యం. "82వ పేజీలో చెప్పింది నాకు వాక్యానికి సరిపోలేదనిపించింది, ఈ వచనం దగ్గర ఆగాను" అని పేజీతో, వచనంతో చెప్పండి. "ఆ రచయిత తప్పుడు బోధకుడు" అని ఎవరో అన్నమాట చదవకుండా ముందుకు పంపడం అన్యాయం. అనుమానం ఉంటే పాస్టర్ గారిని అడగండి, అదీ గ్రూపులో కాకుండా విడిగా.

6. ఏ ముద్రణ, ఎవరి కూర్పు అన్నది చెప్పండి

సంక్షిప్త ప్రతి చదివి పూర్తి పుస్తకం చదివామనుకునేవాళ్లు ఎక్కువే. జాన్ బన్యన్ "యాత్రికుని ప్రయాణము" 1678లో వచ్చింది. రెండో భాగం 1684లో వచ్చింది, అందులో కథానాయకుడైన "క్రైస్తవుని" భార్య, పిల్లలు బయల్దేరతారు. మొదటి భాగమే ఉన్న ప్రతులు చాలా ఉన్నాయి కాబట్టి ఆడవాళ్ల గుంపులో చదవాలనుకునేవాళ్లకు ఇది చెప్పాల్సిన విషయమే.

అనుదిన ధ్యానాల పుస్తకాలతో ఇంకాస్త జాగ్రత్త కావాలి. బైబిలు బోధకుడు ఆస్వాల్డ్ చాంబర్స్ 1917లో చనిపోయాడు. ఆయన పేరుతో ఉన్న ప్రసిద్ధ ధ్యానాల పుస్తకం 1927లో వచ్చింది. భార్య బిడ్డీ ఆయన ప్రసంగాలను షార్ట్‌హ్యాండ్‌లో రాసుకుని, వాటిలోంచి రోజుకొకటి చొప్పున కూర్చింది. అంటే ఒక్కో పేజీ ఒక పెద్ద ప్రసంగంలోని ముక్క. ఒక రోజు పేజీలోని ఒక్క వాక్యాన్ని పట్టుకుని "చాంబర్స్ ఇలా నమ్మాడు" అని పోస్టు పెట్టేముందు ఇది గుర్తుంచుకోవాలి.

7. పీడీఎఫ్‌ల సంగతి

అమ్మకంలో ఉన్న పుస్తకాన్ని స్కాన్ చేసి గ్రూపులో పెట్టొద్దు. సువార్త ఉచితమే కానీ అనువాదకుడు, చిన్న ప్రచురణకర్త ఆ అమ్మకాల మీదే తర్వాతి పుస్తకం వేస్తారు. మూల రచన ఎంత పాతదైనా కొత్త అనువాదానికి విడిగా హక్కులుంటాయి. కొనలేనివాళ్లు ఉంటే మీ ప్రతి ఇవ్వండి, లేదా నలుగురు కలిసి ఒకటి కొని చేతులు మార్చుకోండి. ఇచ్చేటప్పుడు మొదటి పేజీలో మీ పేరు రాయండి.

8. కలిసి కూర్చునేటట్టయితే

నెలకొకసారి చాలు. ఒక్కొక్కరికి మూడు నిమిషాలు: ఏం చదువుతున్నాను, ఒక పేరా చదివి వినిపించడం, ఒక ప్రశ్న. ప్రసంగాలు వద్దు. ఏమీ చదవనివాళ్లు కూడా రావాలి, వాళ్లను అడిగి ఇబ్బంది పెట్టకూడదు.

ఇద్దరే అయినా ఫర్వాలేదు. విలియం విల్బర్‌ఫోర్స్ 1784–85 చలికాలంలో స్నేహితుడు ఐజాక్ మిల్నర్‌తో ప్రయాణం చేస్తూ ఫిలిప్ డాడ్రిడ్జ్ రాసిన ఒక పుస్తకం గురించి అడిగాడు. చాలా మంచిది, తీసుకెళ్లి దారిలో చదువుదాం అన్నాడు మిల్నర్. ఇద్దరూ కలిసి చదివారు, తర్వాతి ప్రయాణంలో గ్రీకు కొత్త నిబంధన కలిసి చదివారు. బ్రిటన్‌లో బానిస వ్యాపారాన్ని నిషేధించే చట్టం 1807లో రావడానికి ఏళ్ల తరబడి పోరాడిన మనిషి ఆ చదువులోంచి వచ్చాడు. మిల్నర్ పుస్తకం మెచ్చుకుని ఊరుకోలేదు, తనూ కూర్చుని చదివాడు. మీరు ఎవరికైనా కొంచెం కష్టమైన పుస్తకం చెబితే "వారానికి ఒక అధ్యాయం ఇద్దరం చదువుదామా?" అని కూడా అడగండి.

చూపు తగ్గిన పెద్దవాళ్లను, చదవడం రానివాళ్లను ఈ చోటే మర్చిపోతాం. కొలొస్సయిలో ఆ పత్రికను చాలామంది చెవులతోనే విని ఉంటారు. ఒక అధ్యాయం మీ గొంతుతో రికార్డు చేసి వాళ్లకు పంపండి, లేదా ఆదివారం ఆరాధన అయ్యాక పది నిమిషాలు పక్కన కూర్చుని చదివి వినిపించండి. విన్నాక వాళ్ల అభిప్రాయం కూడా అడిగి, మీ నోట్‌బుక్కులో వాళ్ల పేరు పక్కన రాసుకోండి. తర్వాతి పుస్తకం ఎంచుకోవడానికి అది పనికొస్తుంది.