వింత చరిత్ర కథను నలుగురికీ చెప్పే ముందు

కృష్ణమ్మ దారికి కొండ అడ్డుపడితే ఆమె అందులో బెజ్జం చేసుకొని సముద్రానికి సాగిపోయిందనీ, అందుకే ఊరికి బెజ్జంవాడ అని పేరు వచ్చి అదే బెజవాడ అయిందనీ మా ఊళ్లో చిన్నప్పటి నుంచీ వింటాము. గుంటూరులో ఒక సభలో నేను దీన్ని చరిత్రగానే చెప్పేశాను. ముందు వరుసలోని పెద్దాయన ఒకరు "ఇది ఎందులో ఉంది బాబూ?" అని నెమ్మదిగా అడిగేసరికి నోట మాట రాలేదు.

వింత కథ చెవిన పడగానే దాన్ని ఎవరు, ఎక్కడ చెప్పారో సహా కాగితం మీద పెట్టి, అందులో సరిచూడడానికి వీలైన పేరు, ఊరు, సంవత్సరం, వస్తువు కింద గీత గీయాలి. గీత గీయడానికి ఏమీ దొరకకపోతే దాన్ని పుక్కిటి కథగానే చెప్పుకోవచ్చు, అందులో నామోషీ లేదు. దొరికితే మాత్రం ఆ వస్తువు దగ్గరకే వెళ్లాలి.

బెజవాడ పేరు విషయంలో ఆ వస్తువు ఇంద్రకీలాద్రి మీద మల్లేశ్వరాలయంలో ఉన్న, తూర్పు చాళుక్య రాజు యుద్ధమల్లుని శాసనం. వెయ్యేళ్లకు పైబడిన ఈ తెలుగు పద్యశాసనంలో ఊరి పేరు బెజవాడ అనే ఉంది, బెజ్జం ఊసే లేదు. దానితో కథ అబద్ధమని తేలిపోదు కానీ, అంతకంటే సరదా అయిన సంగతులు రెండు అక్కడే దొరుకుతాయి. చేబ్రోలు నుంచి జాతరకు వచ్చిన కుమారస్వామి ఈ చోటు నచ్చి ఇక్కడే ఉండిపోయాడట! ఆయన గుడి పక్కన కట్టిన మఠంలో గొరగలు, అంటే శైవ సన్యాసులు తప్ప ఇతరులు మకాం వేస్తే వారణాసిని పాడుచేసినంత పాపం తగులుతుందని కూడా అందులో చెక్కించారు. సత్రం గోడ మీద "బయటివారికి ప్రవేశం లేదు" అని రాసినట్లే ఉంటుంది. రాతి మీది పాత లిపి మనబోటివారికి కొరుకుడు పడదు కనుక, శాసన సంపుటాల్లో పండితులు అచ్చువేసిన పాఠాన్ని చేతిలో పట్టుకొని వెళ్లడం మేలు.

పల్లెల సంగతులకు కంపెనీ సర్వేయరు కాలిన్ మెకంజీ సేకరించిన కైఫియతులు, అంటే ఊరి చరిత్రల రాతలు, జిల్లా విషయాలకు 1883 నాటి కృష్ణా జిల్లా మాన్యువల్ పనికివస్తాయి. కైఫియతుల్లో కరణాలు తమ ఊరి గొప్పను కాస్త పెంచి రాసిన చోట్లు ఉంటాయి కనుక అంకెలను మరో చోట పోల్చుకోవాలి. పురపాలక పన్నులకు ఎదురుతిరిగి 1921లో చీరాల, పేరాల జనం ఊళ్లు ఖాళీచేసి రామనగర్ పాకల్లో సుమారు 11 నెలలు కాపురం పెట్టిన ఘట్టం వంటివాటికి ఆనాటి పత్రికలే దిక్కు. వేటపాలెం సారస్వత నికేతనం గ్రంథాలయంలో పాత పత్రికలను భద్రపరిచారు.

సరిచూసిన కథను చెప్పేటప్పుడు సంవత్సరాలను వరుసగా పేర్చి ఊరుకుంటే చాలు, వింత దానంతట అదే పైకి వస్తుంది. అమరావతి బౌద్ధ స్తూపాన్నే చూడండి. వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు కొత్త పట్టణం కట్టిస్తుండగా కూలీలు ఇటుకల కోసం, ఆ స్తూపం దాగి ఉన్న దీపాలదిన్నెను తవ్వారు. 1797లో మెకంజీ వచ్చి ఆ రాళ్లను చూశాడు. 1816లో మళ్లీ వచ్చేసరికి దిన్నె నడిమి భాగం చెరువైపోయింది. 1845లో మద్రాసు ప్రభుత్వ అధికారి వాల్టర్ ఇలియట్ తవ్వించిన శిల్పాలు మద్రాసులో ఏళ్ల తరబడి ఎండకూ వానకూ ఉండి, ఆపైన లండన్ చేరాయి. 1867లో వాస్తుశిల్ప చరిత్రకారుడు జేమ్స్ ఫెర్గూసన్ వాటిని వెతికి పట్టుకున్నది ఒక గుర్రపుబండ్ల కొట్టంలో. ఈ చివరి మాట దగ్గర ఒక్క క్షణం ఆగండి, "అయ్యో" అని కూడా అనకండి. ఆ పని వినేవారు చూసుకుంటారు.